ట్రెయిల్ ఆఫ్ టైమ్, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్: మీటరుకి పది లక్షల ఏళ్లు

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే మన పెద్దవాళ్లు గ్రాండ్ కాన్యన్ చూడకుండా వెనక్కి వెళ్లరు. అయితే ఆ చూడటం ఎక్కువగా మేథర్ పాయింట్ దగ్గర కారు దిగి, కమ్మీ పట్టుకుని నాలుగు ఫొటోలు తీసుకుని, మళ్లీ కారెక్కడంతో అయిపోతుంది. అంత దూరం వచ్చినవాళ్లు ఇంకో సగం రోజు చేతిలో ఉంచుకోండి, ఆ సగం రోజు ట్రెయిల్ ఆఫ్ టైమ్ మీద గడపండి అని నా గట్టి సలహా. నేను రాయలసీమలో డిగ్రీ కాలేజీ పిల్లలకి జియాలజీ చెప్పి రిటైర్ అయినవాణ్ని. భూమి వయసు ఇన్ని వందల కోట్ల ఏళ్లు అని బోర్డు మీద రాస్తే పిల్లల ముఖాల్లో ఏ మార్పూ ఉండేది కాదు. సున్నాలు సున్నాలుగానే మిగిలిపోయేవి. ఆ సున్నాలని కాళ్లతో కొలిచే వీలు ఇక్కడ ఉంది. ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సౌత్ రిమ్ మీద యావపై జియాలజీ మ్యూజియం దగ్గర మొదలై, గ్రాండ్ కాన్యన్ విలేజ్‌లోని వెర్కాంప్స్ విజిటర్ సెంటర్ దాకా లోయ అంచునే సాగే నడకదారి ఇది. ముఖ్యమైన భాగం సుమారు రెండు కిలోమీటర్లు. న్యూ మెక్సికో యూనివర్సిటీకి చెందిన కార్ల్ కార్ల్‌స్ట్రామ్, లారా క్రాసీ, అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్టీవెన్ సెమ్‌కెన్ వంటి భూశాస్త్రవేత్తలు నేషనల్ పార్క్ సర్వీస్‌తో కలిసి దీన్ని తయారుచేశారు. 2010లో తెరిచారు. పార్కు ప్రవేశ రుసుము తప్ప దీనికి వేరే టికెట్ లేదు.

లెక్క చాలా సులువు. ఒక మీటరు నడిస్తే పది లక్షల ఏళ్లు వెనక్కి వెళ్లినట్టు. దారిలో మీటరుకొక కంచు బిళ్ల నేలలో బిగించి ఉంటుంది. ప్రతి పదో బిళ్ల మీద అంకె ఉంటుంది. ఆ అంకెలు మిలియన్లలో ఉంటాయి కాబట్టి మనవాళ్లు ఒక చిన్న పని చేస్తే చాలు: 270 అని కనిపిస్తే చివరి సున్నా తీసేసి 27 కోట్లు అనుకోండి. అంకె ఉన్న ఒక బిళ్ల నుంచి తర్వాతి అంకె దాకా సరిగ్గా కోటి ఏళ్లు. మా ఆవిడ ఈ లెక్క పట్టుకున్నాక ఇంక ఎవర్నీ అడగలేదు, తనే మనవడికి చెప్పుకుంటూ నడిచింది.

మ్యూజియం వైపు నుంచి మొదలుపెట్టమనే చెబుతాను. ముందు మ్యూజియం అద్దాల్లోంచి లోయంతా ఒకసారి చూడండి. పొరల పేర్లన్నీ అక్కడ గుర్తుపెట్టుకోవచ్చు. బయటికి వచ్చాక దారి మొదట్లో కొంచెం దూరం స్కేలు వేరుగా ఉంటుంది. ఒక్కో ఏడాది, పదేళ్లు, వందేళ్లు అంటూ పెంచుకుంటూ పోయి చివరికి మీటరుకి పది లక్షల ఏళ్ల దగ్గర స్థిరపడుతుంది. ఇది చాలా మంచి ఆలోచన. మనిషి ముందు తన పుట్టిన సంవత్సరం మీద నిలబడతాడు, తాతల కాలం దాటతాడు, ఆ తర్వాతే పెద్ద అంగలు పడతాయి. అసలు స్కేలు మొదలయ్యాక మనిషి జాతి చరిత్ర మొత్తం, అంటే మూడు లక్షల ఏళ్లు, ముప్పై సెంటీమీటర్లలో అయిపోతుంది. రాతప్రతులు, రాజ్యాలు, గుళ్లు, గోపురాలు అన్నీ కలిపి అర సెంటీమీటరు.

అక్కడే మా ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. "ఏమండీ, ఇవన్నీ కార్బన్ డేటింగ్‌తోనే కదా చెప్తారు?" ఈ ప్రశ్న నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ విన్నాను, ఇప్పటికీ టీవీల్లో వింటున్నాను. కాదు. కార్బన్ 14 అర్ధజీవితకాలం 5,730 ఏళ్లు. అంటే అన్ని ఏళ్లకి ఉన్నదాంట్లో సగం తరిగిపోతుంది. ఏభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. ఈ దారిలో ఏభై వేల ఏళ్లంటే ఐదు సెంటీమీటర్లు. మొదటి బిళ్ల కూడా దాటలేదు. పైగా అది ఒకప్పుడు ప్రాణం ఉన్న కట్టె, బొగ్గు, ఎముకల వంటి వాటికి పనికొచ్చేది. రాళ్ల వయసుకి నిదానంగా తరిగే మూలకాలు కావాలి. వాటి సంగతి కిందికి వస్తాను.

మొదటి 270 మీటర్లలో పిల్లలకి ఒక చిన్న నిరాశ ఎదురవుతుంది, ముందే చెప్పి తీసుకెళ్లండి. మా మనవడు 66 దగ్గర, అంటే డైనోసార్లు అంతరించిన కాలం దగ్గర, ఆగి డైనోసార్ ఎముకల కోసం వెతికాడు. ఉండవు. లోయ అంచున మనం నిలబడే కైబాబ్ సున్నపురాయి వయసు 27 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టకముందే ఆ రాయి సముద్రం అడుగున పేరుకుంది. దాని మీద ఒకప్పుడు డైనోసార్ల కాలపు పొరలు ఉండేవి, అవి ఇక్కడ కొట్టుకుపోయాయి. కాబట్టి లోయ గోడల్లో పై నుంచి కింది దాకా కనిపించే పొరలన్నీ డైనోసార్ల కంటే పాతవే. వాడు కాసేపు మూతి ముడుచుకున్నా, "అయితే మనం డైనోసార్ల కంటే ముందుకాలం మీద నడుస్తున్నామా తాతా?" అని అడిగాక మళ్లీ హుషారు వచ్చింది.

అదే 66 దగ్గర నేను మాత్రం రాజమండ్రిని తలుచుకున్నాను. కాటేరు, గౌరీపట్నం క్వారీల్లో నల్లటి లావా రాయి కనిపిస్తుందే, అది ఈ బిళ్ల దగ్గరిదే. పడమటి కనుమల దగ్గర పొంగిన దక్కన్ లావా కాలానిదే అది కూడా. ఆ వయసు తేల్చింది ఆర్గాన్ పద్ధతి. పొటాషియం 40 అర్ధజీవితకాలం 125 కోట్ల ఏళ్లు. అది మారగా పుట్టే ఆర్గాన్ ఒక వాయువు. లావా కరిగి ఉన్నప్పుడు ఉన్న వాయువు చాలావరకు పోతుంది. గడ్డకట్టాక పుట్టింది లోపలే చిక్కుకుంటుంది. ఆ చిక్కుకున్నదాన్ని కొలుస్తారు.

270 దాటాక అసలు పండుగ మొదలవుతుంది. లోయ లోపలి నుంచి తెచ్చిన పెద్ద పెద్ద బండల్ని వాటి వయసు దగ్గరే దారి పక్కన నిలబెట్టారు. చేత్తో తాకొచ్చు. కొన్నింటికి ఒక ముఖం నునుపుగా పాలిష్ చేసి ఉంటుంది. గరుకు ముఖం మీద చెయ్యి పెట్టి, తర్వాత నునుపు ముఖం మీద లోపలి గింజలు చూడండి. కొకోనినో ఇసుకరాయి దగ్గర మరీ తీరిగ్గా ఆగండి. ఎడారి ఇసుక తిన్నెలు గట్టిపడి రాయైంది అది. మధ్యమధ్య గొట్టాలు బిగించారు, వాటిలోంచి చూస్తే ఆ రాయి లోయ గోడలో ఎక్కడ ఉందో సూటిగా కనిపిస్తుంది. చేతి కింద ఒక రాయి, ఎదురుగా కిలోమీటర్ల పొడవున అదే రాయి. పాఠం చెప్పేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

మనవడు కొన్ని బండలు అయ్యాక అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "తాతా, ఈ నంబర్ ఎవరు చెప్పారు? రాయి మీద రాసి ఉంటుందా?" వాడి ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ రివ్యూలో ఎక్కువ చోటు వాడుకుంటున్నాను. దారి పక్క పలకల మీద పట్టేంత చోటు తక్కువ. అంకె వెనక ఉన్న పని తెలిస్తే నడక రుచి మారిపోతుంది.

రాయిలో జిర్కాన్ అని ఒక ఖనిజం ఉంటుంది. గ్రానైట్‌లో ఉండే జిర్కాన్ గింజ పొడవు మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూ. నేను పిల్లలకి మైక్రోస్కోపు కింద గ్రానైట్ పలుచటి ముక్క చూపించేవాణ్ని. గోధుమరంగు బయొటైట్ అభ్రకం రేకులో చిన్న గింజ, దాని చుట్టూ నల్లటి వలయం కనిపించేది. గింజలోని యురేనియం, థోరియం తరిగేటప్పుడు వెలువడే కణాలు చుట్టూ ఉన్న అభ్రకాన్ని దెబ్బతీస్తే ఏర్పడే మచ్చ అది. స్టేజి తిప్పుతుంటే ఆ వలయం ముదురుగా, లేతగా మారుతుంది. కోట్ల ఏళ్లుగా జరుగుతున్న పనికి మామూలు కాలేజీ ల్యాబులో కంటికి కనిపించే ఆనవాలు అది. ఒక్కసారి చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు.

జిర్కాన్ గొప్పతనం ఏమిటంటే, గింజ పెరిగేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి తర్వాత అందులో దొరికే సీసం యురేనియం తరగ్గా పుట్టిందే అనుకోవచ్చు. అందులో యురేనియం రెండు రకాలు. యురేనియం 238 తరిగి సీసం 206 అవుతుంది, దాని అర్ధజీవితకాలం 447 కోట్ల ఏళ్లు. యురేనియం 235 తరిగి సీసం 207 అవుతుంది, దానికి 70.4 కోట్ల ఏళ్లు. రెండూ వేర్వేరు వేగాలతో నడుస్తాయి. వెనకటికి ఊళ్లో ఒకే భూమి శిస్తు ఇద్దరు కరణాలు విడివిడిగా లెక్కకట్టి సరిచూసుకున్నట్టు, ఒకే గింజ రెండు లెక్కలు చెబుతుంది. రెండూ ఒకటే వస్తే ఆ వయసు నమ్మొచ్చు. తేడా వస్తే మధ్యలో ఎప్పుడో గింజ వేడెక్కి సీసం పోగొట్టుకుందని తెలుస్తుంది. ఆ తేడాని బట్టి ఆ వేడెక్కిన కాలాన్ని కూడా చాలాసార్లు చెప్పగలరు.

ఈ దారి మీదే ఉదాహరణ చూడండి. 175 కోట్ల ఏళ్ల రాయిలోని జిర్కాన్‌లో మొదట ఉన్న యురేనియం 238లో ఈ పాటికి సుమారు 24 శాతం సీసమైపోయి ఉంటుంది. యురేనియం 235లో అయితే 82 శాతం. ఆ రెండు నిష్పత్తులూ ఒకే వయసు దగ్గర కలవాలి. ఊరికే ఊహించి చెప్పేవాడికి ఇది కుదరదు.

ఆ గింజ చేతికి రావడానికి పడే పాటు కూడా చెప్పాలి. బండని పగలగొట్టి, పొడి చేసి, నీళ్లలో కడిగి తేలిక గింజల్ని పోనిస్తారు. అయస్కాంతంతో ఇనుము ఎక్కువున్నవాటిని లాగేస్తారు. చాలా బరువైన ద్రవంలో పోస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ పైకి తేలతాయి, జిర్కాన్ అడుక్కి దిగుతుంది. తర్వాత మైక్రోస్కోపు కింద కూర్చుని సన్నని సూదితో ఒక్కో గింజనీ ఏరాలి. పగుళ్లు లేనివి, శుభ్రంగా ఉన్నవి ఎంచుకోవాలి. మెడ పట్టేస్తుంది. ఏరినవాటిని ఎపాక్సీలో పొదిగి, సగానికి అరగదీసి, గింజ లోపలి పెరుగుదల వలయాలని ఫొటో తీసి, ఏ వలయం మీద కొలవాలో నిర్ణయించుకుని, అప్పుడు లేజర్‌తో వెంట్రుక మందం కంటే చిన్న గుంట కొట్టి, లేచిన ఆవిరిని పరమాణువుల బరువు తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. కంచు బిళ్ల మీద మూడు నాలుగు అంకెలు కనిపిస్తాయి. వాటి వెనక ఇంత పని ఉంది.

ఇసుకరాయి, సున్నపురాయి సంగతి వేరు. ఇసుకరాయిలో ఉండే జిర్కాన్ వేరే కొండల నుంచి కొట్టుకొచ్చిన గింజ. దాని వయసు ఆ కొండ వయసే తప్ప ఇసుక పేరుకున్న కాలం కాదు. అయినా అది రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, ఆ గింజల్లో వయసులో అన్నిటికంటే చిన్నవాటి కంటే ఆ ఇసుకరాయి పాతది కాలేదు. లోయ గోడలో అడుగున కనిపించే టేపీట్స్ ఇసుకరాయిని చాలాకాలం 52 కోట్ల ఏళ్ల పైమాటే అనుకున్నారు. 2018లో కార్ల్‌స్ట్రామ్ బృందం అందులోని కుర్ర జిర్కాన్లని కొలిచి, 50.5 కోట్ల నుంచి 50.1 కోట్ల ఏళ్ల మధ్యకి దించింది. దాని కింద ఉన్న సిక్స్‌టీమైల్ అనే పొర అంతకుముందు కేంబ్రియన్ (టేపీట్స్ పేరుకున్న యుగం) కంటే ఎంతో పాతదనుకున్నారు. అదీ కేంబ్రియన్ దేనని తేలింది. దారి తెరిచిన తర్వాత కూడా వయసులు ఇలా సవరణ అవుతూనే ఉన్నాయి, కాబట్టి కొన్ని రాళ్ల విషయంలో ఒకటి రెండు కోట్ల ఏళ్లు అటూ ఇటూ ఉంటుందని మనసులో పెట్టుకోండి. ఒక శాస్త్రం తన అంకెని తానే దిద్దుకోవడం నాకు చాలా ఇష్టమైన విషయం.

రెండోది, గింజలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలుస్తుంది. లోయ పై పొరల్లోని ఇసుక గింజల్లో చాలా వాటి వయసులు తూర్పున అపలేచియన్ కొండల రాళ్లతో సరిపోతాయి. అట్లాంటా, షార్లెట్‌లో ఉండే మనవాళ్లు శనాదివారాల్లో కారేసుకుని వెళ్లే కొండలవి. ఆ కొండలు అరిగి, ఇసుకై, నదుల మీద, గాలి మీద ఖండం ఈ కొసకి చేరి కొకోనినో తిన్నెలయ్యాయి. ఆ బండ మీద చెయ్యి పెట్టినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

500 అంకె దాటాక దారి స్వభావం మారుతుంది. అప్పటిదాకా వెంటవెంటనే వచ్చిన బండలు పలుచబడతాయి. చాలామంది ఇక్కడ అయిపోయిందనుకుని వెనక్కి తిరుగుతారు. తిరగకండి. ఈ దారిలో అత్యంత విలువైన భాగం ఇదే అని నా అభిప్రాయం. లోయలోకి చూడండి. చదునుగా పరచుకున్న టేపీట్స్ కిందనే, చాలాచోట్ల నేరుగా, నల్లగా నిటారుగా ఉన్న విష్ణు షిస్ట్ అనే, వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి కనిపిస్తుంది. పై రాయి వయసు 50 కోట్లు, కింది రాయి వయసు 175 కోట్లు. రెంటి మధ్య ఒక గీత. ఆ గీతలో దాదాపు 125 కోట్ల ఏళ్లు లేవు. గ్రేట్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. 1869లో పడవల మీద కొలరాడో నది దిగిన జాన్ వెస్లీ పోవెల్ ఈ తెగిన సంధిని గమనించాడు, కానీ ఎన్నేళ్లు పోయాయో చెప్పే సాధనం అప్పటికి లేదు. రేడియోధార్మికత కనిపెట్టిందే 1896లో. ఇప్పుడు మనం ఆ లోటుని కాళ్లతో కొలుస్తాం. కిలోమీటరు పైగా నడవాలి. నడుస్తూ ఉంటే, పక్కన లోయలో ఆ గీత అలాగే ఉంటుంది, బిళ్లల మీద అంకెలు మాత్రం పెరుగుతూ పోతాయి. మాట్లాడకుండా నడిచాను ఆ భాగం.

మధ్యలో పూర్తిగా ఖాళీ అని కూడా కాదు. లోయలో కొన్ని మూలల్లో ఒరిగి మిగిలిన పాత పొరలు ఉన్నాయి, గ్రాండ్ కాన్యన్ సూపర్‌గ్రూప్ అంటారు. వాటి పై భాగం 73 కోట్ల ఏళ్ల దగ్గర, కింది భాగం 125 కోట్ల దగ్గర. ఈ రెండు కొసలూ అగ్నిపర్వత బూడిద పొరల్లోని జిర్కాన్ల వల్ల తెలిశాయి. 1,104 దగ్గరిది కార్డెనాస్ బసాల్ట్, లావా. అనంతపురం జిల్లావాళ్లు ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తొలకరి వానలు పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో వెతుకుతారే, ఆ వజ్రాల్ని పైకి తెచ్చిన వజ్రకరూర్ కింబర్లైట్ రాళ్లు భూమి లోతుల్లోంచి ఎగదన్నిన కాలం కూడా ఇంచుమించు ఇదే, 110 కోట్ల ఏళ్లు.

తిరుమల ఘాట్ రోడ్డు మీద మనకీ ఇలాంటి గీత ఉంది. కింద గ్రానైట్, పైన క్వార్ట్జైట్, మధ్యన దాదాపు 80 కోట్ల ఏళ్ల లోటు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవారసత్వ చిహ్నంగా గుర్తించింది. మా పిల్లల్ని ఏటా అక్కడికి తీసుకెళ్లి, రోడ్డు వార నిలబెట్టి, బస్సులు మలుపు తిరుగుతుంటే గొంతు చించుకుని చెప్పేవాణ్ని. రోజూ వేలమంది ఆ గీత పక్కనుంచే కొండెక్కుతారు. అక్కడ నిలబడి చూసే చోటు, తాకే రాయి, కాలిబాట మీద ఇలాంటి అంకెలు ఉంటే మన పిల్లలు ఎంత నేర్చుకుంటారో! అలిపిరి మెట్లకి ఈ లెక్క వెయ్యడం కష్టమేమీ కాదు. ఇది నా మనసులో ఉన్న పెద్ద కోరిక. ఎవరైనా పూనుకుంటే నా వంతు పని నేను చేస్తాను.

1,700 దాటాక మళ్లీ బండలు వస్తాయి. విష్ణు షిస్ట్, బ్రహ్మ షిస్ట్, రామ షిస్ట్. పేర్లు నిజంగా అవే. 1880ల్లో ఈ ప్రాంతం సర్వే చేసిన క్లారెన్స్ డటన్ లోయలోని శిఖరాలకి విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టాడు. తర్వాత రాళ్లకీ ఆ వరస వచ్చింది. మా ఆవిడ విష్ణు షిస్ట్ బండని రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. పక్కన నడుస్తున్న అమెరికన్ ముసలాయన ఎందుకని అడిగితే మనవడు వివరించాడు. రాయిగా కూడా అది అందుకు తగ్గదే. సముద్రంలో అగ్నిపర్వత ద్వీపాల పక్కన పేరుకున్న బురద, ఇసుక భూమి లోతుల్లోకి దిగి, వేడికీ ఒత్తిడికీ రూపు మారి, అభ్రకం రేకులతో మెరుస్తూ పైకి వచ్చింది. దాని పగుళ్లలోకి చొరబడ్డ గులాబీ రంగు జొరాస్టర్ గ్రానైట్ 174 కోట్ల ఏళ్లది. లోయ మొత్తంలో అన్నిటికంటే పాత రాయి ఎల్వ్స్ కాజమ్ నైస్, 184 కోట్ల ఏళ్లు. దాని బండ కూడా తన అంకె దగ్గరే ఉంది.

అది దాటి ఇంకో 45 మీటర్లు నడిస్తే నాకు మా పులివెందుల వస్తుంది. పులివెందుల దగ్గర కడప పొరల్లోకి చొరబడ్డ నల్లరాతి సిల్ (కరిగిన రాయి పొరల మధ్య పరుచుకుని గడ్డకట్టిన పలక) వయసు 188.5 కోట్ల ఏళ్లు. జిర్కాన్ దొరకని అలాంటి నల్లరాళ్లలో బాడెలియైట్ అనే ఖనిజాన్ని పట్టుకుని, అదే యురేనియం, సీసం లెక్కతో 2008లో తేల్చారు. ప్లస్ ఆర్ మైనస్ 30 లక్షల ఏళ్లు, ఈ దారిలో మూడు మీటర్లు. గ్రాండ్ కాన్యన్ అడుగు రాయి కంటే మా ఊరి వైపు రాయి పాతదని అల్లుడికి చెబితే, వెంటనే ఫోన్ తీసి వాళ్ల నాన్నకి చెప్పాడు. వాళ్లది హైదరాబాద్. అక్కడి గ్రానైట్ గుట్టలు 250 కోట్ల ఏళ్లవి, ఇంకో ఆరువందల మీటర్లు అవతల. మీరూ వచ్చేముందు మీ ఊరి రాయి వయసు తెలుసుకుని రండి, ఏ బిళ్ల దగ్గర ఆగాలో తెలుస్తుంది.

లోయ వయసు, రాళ్ల వయసు ఒకటి కాదని పిల్లలకి గట్టిగా చెప్పండి. రాళ్లు వందల కోట్ల ఏళ్లవి. కొలరాడో నది ఇప్పటి దారిలో ఈ లోయని పూర్తిగా కోసింది 50, 60 లక్షల ఏళ్లలోనే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంటే దారి మొదట్లో ఐదారు మీటర్లు. దీని మీద పెద్ద వాదన జరిగింది. అపటైట్ అనే ఖనిజంలో యురేనియం, థోరియం తరిగితే హీలియం పుడుతుంది. రాయి సుమారు 70 డిగ్రీల కంటే వేడిగా ఉంటే ఆ హీలియం జారిపోతుంది, చల్లబడ్డాక నిలుస్తుంది. పైనున్న రాయి కోసుకుపోతేనే కింది రాయి చల్లబడుతుంది కాబట్టి, హీలియం కొలిస్తే కోత ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. ఆ లెక్కతో 2012లో ఒక బృందం పడమటి లోయ 7 కోట్ల ఏళ్ల నాటికే కోసుకుపోయిందని చెప్పింది. 2014లో కార్ల్‌స్ట్రామ్ వాళ్లు, కొన్ని ముక్కలు పాతవే అయినా వాటన్నిటినీ కలుపుతూ నది ఒక్కటిగా కోసింది మాత్రం గత 50, 60 లక్షల ఏళ్లలోనే అన్నారు. నాకు రెండో మాటే సబబుగా అనిపిస్తుంది. రాతిలో ఒకే ఖనిజం ఆధారంగా ఇద్దరు ఇంత వేరుగా చెప్పడం, మళ్లీ కొలవడం, మళ్లీ వాదించడం, ఇదంతా కాలేజీ పిల్లలు చదివి తీరాల్సిన కథ.

వెర్కాంప్స్ దగ్గర చాలామంది ఆపేస్తారు. అక్కడ బెంచీలు ఉన్నాయి, నీడ ఉంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అక్కడిదాకా చాలు. దారి చదునుగా, పక్కాగా ఉంది, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. అయితే ఎత్తు ఏడు వేల అడుగులు, ఫీనిక్స్ నుంచి అదే రోజు వచ్చిన పెద్దవాళ్లకి ఆయాసం వస్తుంది. నిదానంగా నడవండి. నీళ్లు వెంట ఉంచుకోండి. అంచున కమ్మీ లేని చోట్లు చాలా ఉన్నాయి, చిన్నపిల్లల చెయ్యి వదలకండి. చలికాలంలో మంచు గడ్డకట్టి జారుతుంది.

ఓపిక ఉంటే మాత్రం ముందుకి సాగండి. విలేజ్ దాటి, పడమటి వైపు మారికోపా పాయింట్ దిశగా 4,560 దాకా లెక్క కొనసాగుతుంది. అది భూమి వయసు. ఈ భాగంలో లోయ రాళ్లు లేవు, ఎందుకంటే ఇక్కడ అంత పాతవి లేవు. జనం తక్కువ, దారి ప్రశాంతంగా ఉంటుంది. 456 కోట్ల ఏళ్లంటే యురేనియం 238 అర్ధజీవితకాలానికి ఇంచుమించు సమానం. భూమి పుట్టినప్పుడు ఉన్న ఆ యురేనియంలో సగం ఇంకా మిగిలే ఉంది.

ఆ చివరి అంకెకీ అరిజోనాకీ ఉన్న సంబంధం తెలుసుకుంటే ఈ యాత్ర పూర్తవుతుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌కి తూర్పున, విన్‌స్లో వెళ్లే దారిలో మీటియర్ క్రేటర్ ఉంది. ఏభై వేల ఏళ్ల కిందట ఇనుప ఉల్క పడి తవ్విన గుంట, కిలోమీటరు పైగా వెడల్పు. కాన్యన్ డయాబ్లో ఉల్క అంటారు. అందులోని ట్రోయిలైట్ అనే గంధకం, ఇనుము కలిసిన ఖనిజంలో యురేనియం దాదాపు లేదు. కాబట్టి అందులోని సీసం సౌరకుటుంబం పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికన్ భూరసాయన శాస్త్రవేత్త ఆ సీసాన్ని మొదటి లెక్కగా పెట్టుకుని, వేరే ఉల్కల్లోని సీసంతో పోల్చి, 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లు, ఏడు కోట్లు అటూ ఇటూ అని ప్రకటించాడు. ఆ తర్వాత ఎంత మెరుగైన యంత్రాలు వచ్చినా ఆ అంకె పెద్దగా కదల్లేదు. ఆయనకి మొదట్లో ఏ కొలతా కుదిరేది కాదు, ఎందుకంటే గాలిలో, గాజులో, నీళ్లలో, అన్నిటా సీసమే. దాన్ని వదిలించుకోవడానికి అతిశుభ్రమైన ప్రయోగశాల కట్టుకున్నాడు. ఆ సీసం చాలావరకు పెట్రోలులో కలిపేదాని నుంచి వస్తోందని గ్రహించి, దాన్ని ఆపించడానికి ఏళ్ల తరబడి పోరాడాడు. ఈ రోజు మన పిల్లలు సీసం లేని పెట్రోలు పొగ పీలుస్తున్నారంటే అందులో ఆయన చెయ్యి ఉంది. క్రేటర్ దగ్గరి మ్యూజియంలో 639 కిలోల ఉల్క ముక్కని చూడొచ్చు. దానికి టికెట్ వేరు, ప్రైవేటు వాళ్లది. ఫీనిక్స్‌కి తిరిగి వెళ్లేటప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి కాస్త పక్కకి వెళ్లాలి, వెళ్లండి.

4,560 దాకా నడిచేవాళ్లు బస్సు సంగతి చూసుకోవాలి. మార్చి నుంచి నవంబరు చివరిదాకా హెర్మిట్ రోడ్డు మీదికి సొంత కార్లని రానివ్వరు, ఉచిత షటిల్ బస్సులే తిరుగుతాయి. ఆ బస్సు వెళ్లేటప్పుడు మారికోపా పాయింట్ దగ్గర ఆగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆగదు. ఇంకో అరమైలు ముందుకి నడిచి పోవెల్ పాయింట్ దగ్గర ఎక్కండి.